నాకు తప్ప అందరికీ తెలిసిన జ్వరం

మా మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషిని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు "సాక్ష్యాలు ఉన్నవాళ్లు చెప్పండి" అనగానే, ఆ వారం ఎవరి ప్రార్థన ఫలించిందో వాళ్లు లేచి మైకు అందుకుంటారు. తప్పిపోయిన గేదె దొరికిందని ఒకరు, మోకాలి నొప్పి తగ్గిందని ఒకరు, మిరపతోటలో తెగులు ఆగిందని ఇంకొకరు. అడిగింది జరిగాక నలుగురిలో చెప్పకుండా ఉంటే దేవుడి దగ్గర మాట తప్పినట్టే. ఈ విషయంలో మా అమ్మ మరీ పట్టుదల మనిషి. ఇంట్లో అవసరానికి ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది గానీ, మైకు చేతికొస్తే ఒక్క ముక్క దాచదు.

ఆ ఆదివారం ఆమె లేచేసరికి నేను ఆడవాళ్ల వైపు చాప మీద, ఒళ్లో కూతుర్ని కూర్చోబెట్టుకుని ఉన్నాను. పిల్లకి అప్పుడే మూడేళ్లు నిండాయి. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, గొంతు సవరించుకుంది.

"అందరికీ వందనాలండి. మా అమ్మాయికి ప్రభువు జర్మనీ దేశంలో నర్సు ఉద్యోగం ఇచ్చాడు. త్వరలో వెళ్లబోతావుంది. అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

మందిరమంతా "స్తోత్రం" అంది. వెనక వరస ముసలమ్మ నా వీపు తట్టింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం ఇస్తామని వాళ్లన్నది నిజమే. వెళ్తానని నేను ఇంకా అననే లేదు.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. మా ఊరు నల్లపాడు దాటాక, పత్తి చేలూ మిరప చేలూ మొదలయ్యే దగ్గర. డ్యూటీ దిగాక అలసిపోయి కూడా జర్మన్ భాష క్లాసుకి వెళ్లి, వాళ్ల పరీక్షలు పాసై, కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చింది నేనే. ఎవరూ నన్ను తోయలేదు. వెళ్లాలని నాకూ ఉంది. ఆ మాట ఇప్పుడు దాచుకోవడం దేనికి? కానీ అక్కడి పద్ధతి ప్రకారం ముందు నేనొక్కదాన్నే వెళ్లాలి. మన నర్సింగ్ చదువుని వాళ్లు ఒప్పుకోవడానికి అక్కడ మళ్లీ పరీక్ష రాయాలి. అందాకా సహాయకురాలిగా పని. అది పాసయ్యాకే భర్తనీ బిడ్డనీ పిలిపించుకోవచ్చు, భర్తకీ వాళ్ల భాషలో ఒక పరీక్ష ఉంటుంది. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మూడేళ్ల పిల్లకి ఏడాదంటే ఎంత? అప్పటికి నేనెవరో దానికి గుర్తుంటానా? ఆ ఒక్క ప్రశ్నే నన్ను పట్టుకుని వేలాడింది.

మా ఆయన్ని అడిగాను. ఆయన నాకు మేనబావ, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో మెషీన్ ఆపరేటరు. మెత్తటి మనిషి. అన్నం ఎలా ఉందంటే బాగుందంటాడు, ఉప్పు వేయడం మర్చిపోయినా సరే.

"ఏం చేద్దాం బావా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం సంగతి కాదు. నీకేం అనిపిస్తంది?"

"నువ్వెట్టంటే అట్ట."

ఒళ్లు మండిపోయింది. పైకి చూస్తే ఎంత మంచి భర్త! ఊళ్లో ఆడవాళ్లందరూ అదే అన్నారు, "నీ ఇష్టానికి వదిలేశాడు, ఎంత అదృష్టవంతురాలివే" అని. రేపు బిడ్డ నన్ను మర్చిపోతే అదీ నా ఇష్టమే అవుతుందన్న సంగతి వాళ్లకేం తెలుసు? మోయలేని బరువుని పూలదండలా మెడలో వేసి పక్కకి తప్పుకున్నాడు.

మందిరం నుంచి వచ్చాక అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నేను సరే అన్నానా? ఊరందరికీ ఎట్టా చెప్పావు?"

"అనకుండా ఎందుకుంటావే? ఇంత చదివింది మళ్లీ ఈ చేలో పడటానికా?"

"పిల్లని వదిలేసి ఎట్టా పోను?"

అమ్మ కత్తిపీట పక్కకి నెట్టి, రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. అరచేతులు గరుకుగా, వేళ్ల సందుల్లో ఎర్రగా ఉన్నాయి. మిరపకాయ కోతల రోజుల్లో ఆ చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. మజ్జిగ రాసినా, మట్టి రాసినా ఘాటు చర్మం లోపలే ఉంటుంది.

"కోతలొస్తే నేను నిన్ను ముట్టుకునేదాన్నా? నువ్వు చేతులు చాపి ఏడుస్తావుంటే దూరంగా నిలబడి చూసేదాన్ని. ఒకసారి ఆగలేక ఎత్తుకుంటే నీ ఒళ్లంతా మండి రాత్రంతా గుక్కపట్టి ఏడ్చావు. మీ అమ్మమ్మే నీకు స్నానం పోసేది, అన్నం పెట్టేది. అంతమాత్రాన నువ్వు నన్ను మర్చిపోయావా?"

నిజంగానే మా పల్లెలో పిల్లలందరం అలాగే పెరిగాం. కోతల కాలంలో అమ్మలు పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు. వచ్చాక కూడా మాకు చేతులు తగలకుండా మోచేతులతో తలుపులు నెట్టుకుంటూ తిరిగేవాళ్లు. అది మాకు వింతగా ఉండేది కాదు. కానీ ఆ అమ్మలు కనపడేవాళ్లు. వాళ్ల కొంగు వాసన తగిలేది. ఈ తేడా నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. తెలిసీ ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

వారం తిరక్కుండా దారిలో కనపడ్డవాళ్లంతా "ఎప్పుడమ్మా ప్రయాణం?" అని అడగడం మొదలుపెట్టారు. చర్చి సంఘమంతా నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టింది. వెళ్లనంటే మా అమ్మ దేవుడి ముందు అబద్ధం చెప్పినట్టవుతుంది. వెళ్తానంటే పిల్ల. రెండింటి మధ్యా నాకు అన్నం సయించేది కాదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం, పిల్ల అన్నం తిని చాప మీద బోర్లా పడి నిద్రపోతుంటే, దాని పక్కనే కూర్చుని ఫోనులో వాళ్లకి వస్తానని మెయిలు పెట్టాను. ధైర్యం వచ్చి కాదు. అలా నలిగే ఓపిక అయిపోయి.

నేను బయల్దేరిన రోజు పిల్ల గేటు పట్టుకుని హుషారుగా టాటా చెప్పింది. రోజూలాగే డ్యూటీకి వెళ్తున్నాననుకుంది.

నేను చేరిన ఊరు చిన్నది. ఆసుపత్రి పెద్దది, కానీ చప్పుడే ఉండదు. గుంటూరులో వార్డంటే ఒక్కో మంచానికి నలుగురు మనుషులు, కింద చాపలు, క్యారియర్లు, "సిస్టర్, సిస్టర్" అని అరుపులు. అన్నం పెట్టేదీ, ఒళ్లు తుడిచేదీ, దుప్పటి మార్చేదీ పేషెంటు తాలూకు మనుషులే. మేం ఇంజెక్షన్లు, సెలైన్లు, చార్టులు చూసుకునేవాళ్లం. ఈ ఆసుపత్రిలో మొదటి రోజు ఒక పెద్దాయనకి పొద్దున ఒళ్లు తుడవమని చెప్పి నన్ను గదిలోకి పంపారు. నేను అలవాటు కొద్దీ గదంతా చూసి, "మీతో వచ్చినవాళ్లు ఎక్కడ?" అని అడిగాను. ఆయనకి నా భాష అర్థం కాలేదేమో అనుకుని ఇంకోసారి అడిగాను. ఆయన మెల్లగా తల అటు తిప్పుకున్నాడు. నాతో ఉన్న సీనియర్ నర్సు నీళ్ల గిన్నె నా చేతిలో పెట్టి, "ఇక్కడ వచ్చేవాళ్లు మనమే" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

తరగతిలో నేర్చుకున్న భాష ఒకటి, పళ్లు లేని ముసలివాళ్ల నోట్లో వినపడేది ఇంకొకటి. "నీళ్లు" అంటున్నారో "నొప్పి" అంటున్నారో తెలియక మంచం మంచానికీ భయమే. తప్పు చేస్తే పరీక్ష దాకా కూడా రానివ్వరేమోనని బెంగ. ఒకసారి జారి పడి మణికట్టు బెణికింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ చెయ్యి కెమెరాలో పడకుండా పట్టుకుని, "ఇక్కడ అంతా బాగుంది, చలి కూడా పెద్దగా లేదు" అన్నాను. వాళ్లూ "ఇక్కడా అంతా బాగానే ఉంది" అన్నారు. మా ఇళ్లల్లో దూరాన ఉన్న మనిషికి చెడు కబురు చెప్పడమంటే క్రూరత్వం కింద లెక్క. "పాపం, అక్కడుండి ఏం చేస్తారు?" అంటారు. ఆ మర్యాద నేనూ పాటించాను.

పిల్ల మొదట్లో ఫోన్ చూసి ఏడ్చేది. తర్వాత తెరని ముద్దు పెట్టుకునేది. ఆ తర్వాత ముద్దూ లేదు, ఏడుపూ లేదు. వాళ్ల అమ్మమ్మ వెనకనుంచి అందిస్తుంటే అప్పజెప్పినట్టు చెప్పేది: "బాగున్నా. అన్నం తిన్నా. స్కూలుకి వెళ్తున్నా." చెప్పేసి ఆటలకి పారిపోయేది. నేను నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధయ్యేది కాదు.

నాకు ఊరితో మిగిలిన గట్టి తాడు ఆదివారం ఆరాధన. మా మందిరంలో ఫోన్ స్టాండుకి పెట్టి లైవ్ పెడతారు. అక్కడ పూర్తిగా తెల్లవారాక మొదలయ్యేది నాకు తెల్లవారుజామున వచ్చేది. దుప్పటి కప్పుకుని, టీ పెట్టుకుని చూసేదాన్ని. పాట సగంలో ఆగిపోయినా, పంకా చప్పుడు ఎక్కువైనా, పిల్లల వరసలో నా కూతురి రెండు జడలు కనపడితే చాలు, ఆ వారం గడిచిపోయేది.

అక్టోబరులో ఒక వారం ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక సాకు వినపడింది. ఒకరోజు నిద్రపోయిందన్నారు. ఒకరోజు నెట్ సరిగా లేదన్నారు. మా ఆయన మిల్లులో ఉన్నానన్నాడు గానీ, వెనక మెషీన్ల చప్పుడు లేదు. పత్తి ఇంకా రాలేదేమో అనుకున్నాను. నేను గట్టిగా పట్టుబడితే ఒక సాయంత్రం అమ్మ పిల్లని చూపించింది. మొహం కాస్త వాడినట్టుంది. ఒంటి మీద వేళ్ల దాకా దిగిన ఉన్ని స్వెటరు ఉంది.

"అక్కడ ఉక్కపోతగా లేదా? స్వెటర్ ఏంటి?"

"నువ్వు వేసుకుంటున్నావుగా. అమ్మలాగా నాక్కూడా కావాలని ఒకటే గోల," అంది అమ్మ, తడుముకోకుండా.

ఎంత మురిసిపోయానో చెప్పలేను. నన్ను మర్చిపోలేదు, నాలాగా ఉండాలనుకుంటోంది అనుకున్నాను. మర్నాడు డ్యూటీలో సీనియర్ నర్సుకి నా వచ్చీరాని భాషలో ఆ ముచ్చట చెప్పి నవ్వించాను కూడా.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం లైవ్ పెట్టుకుని కూర్చున్నాను. పిల్లల వరసలో జడలు కనపడలేదు. పాటలయ్యాయి. సాక్ష్యాలన్నారు. అమ్మ లేచింది. మైకు అందుకునే ముందే కళ్లు తుడుచుకుంది.

"అందరికీ వందనాలండి. మీ అందరి ప్రార్థన దేవుడు ఆలకించాడు. మా మనవరాలికి డెంగీ జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, చేతులూ కాళ్లూ చల్లబడి, డాక్టరు గారు ఏం చెప్పలేమమ్మా అన్న బిడ్డని ప్రభువు లేపి కూర్చోబెట్టాడు. నిన్న ఇంటికి తీసుకొచ్చాం."

మందిరమంతా ఒక్క గొంతుతో "స్తోత్రం" అంది.

చేతులూ కాళ్లూ చల్లబడటమంటే ఏమిటో నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ స్థితిలో పిల్లల్ని చూశాను. కొందరు లేస్తారు, కొందరు లేవరు. అంతలోనే స్వెటర్ గుర్తొచ్చింది. అది చలికి కాదు, అమ్మలాగా ఉండాలనీ కాదు. చేతికి గుచ్చిన సెలైన్ సూది నాకు కనపడకుండా వేశారు. నేను మురిసిపోయి చూసింది ఆసుపత్రి మంచం మీద ఉన్న బిడ్డని.

వెంటనే ఫోన్ చేశాను. లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మ ఫోన్ చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తడం తెరలో కనపడింది. అప్పుడు గానీ ఆమెకి తట్టలేదు, ఆ మైకులో చెప్పింది నేను కూడా వింటానని.

"తగ్గిపోయిందే, బంగారం. నిజంగా తగ్గిపోయింది. పొద్దున ఇడ్లీ తినింది."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వక్కడుండి ఏం చేస్తావు? కంగారు పడతావని…"

"సంఘమంతటికీ తెలుసు. అయ్యగారికి తెలుసు. ఆ వెనక వరస ముసలమ్మకి కూడా తెలుసు. కన్నదానికి తెలియకూడదా? అది పోయుంటే ఎప్పుడు చెప్పేవాళ్లు నాకు? ఆదివారం దాకా ఆగేవాళ్లా?"

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేసి మా ఆయనకి చేశాను. ఆయన ఫోన్ ఎత్తి "తగ్గింది" అన్నాడు. ఆసుపత్రిలో పగలూ రాత్రీ పిల్ల పక్కన కూర్చున్నది ఆయనే. బొంగురుపోయిన ఆ గొంతు విన్నాక కూడా నాకు జాలి రాలేదు.

"వచ్చేస్తన్నాను. ఉద్యోగం వద్దు, ఏం వద్దు."

ఈసారి కూడా "నీ ఇష్టం" అంటాడని, అంటే ఫోన్ గోడకేసి కొట్టాలని సిద్ధంగా ఉన్నాను.

"రావద్దు," అన్నాడు.

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నువ్వొస్తే మళ్లీ వెళ్లవు. నాకు తెలుసు. పరీక్ష దగ్గరికొచ్చింది, రాయి. నేనూ ఆ భాషా పరీక్ష రాస్తాను. ఇన్నాళ్లూ నాకొస్తదా అని నెట్టుకొచ్చాను. పిల్లని నేను తీసుకొస్తాను. ఇంక నీ దగ్గర ఏదీ దాచం."

మా పెళ్లయ్యాక ఆయన తన ఇష్టం చెప్పింది అదే మొదటిసారి. కోపంలోనే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్లాను. అక్కడ వేరేవాళ్ల అమ్మలకీ నాన్నలకీ ఒళ్లు తుడిచాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మనసు మాత్రం గుంటూరు ఆసుపత్రిలో ఏ మంచం దగ్గరో తిరుగుతూనే ఉంది.

పరీక్ష రాశాను, పాసయ్యాను. మా ఆయన మిల్లులో పత్తి దూది జుట్టునిండా పట్టించుకుని, ఆ దేశపు మాటలు వల్లెవేసుకుంటూ పనిచేశాడట. తోటివాళ్లు పిచ్చెక్కిందని ఆటపట్టించేవాళ్లట. ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాడు. కాయితాలన్నీ తిరిగి తిరిగి, చలి తగ్గి చెట్లు చిగురేసే వేళకి ఇద్దరూ వచ్చారు.

విమానాశ్రయంలో పిల్ల నన్ను గుర్తుపట్టింది. "అమ్మా" అంది, చెయ్యి ఊపింది. కానీ పరిగెత్తుకుని రాలేదు. నేనే వెళ్లి ఎత్తుకున్నాను. నా భుజం మీద బుద్ధిగా, చుట్టాలింటికొచ్చిన పిల్లలా ఉంది. అడిగితే "బాగున్నా, తిన్నా" అంది. కొత్త కదా, సర్దుకుంటుంది అనుకున్నాను.

వారాలు గడిచినా అది అంతే. అల్లరి లేదు, పేచీ లేదు, ఏది పెడితే అది తినేది. పక్కింటామె మెచ్చుకుంది, ఎంత బుద్ధిమంతురాలో అని. నాతో మాట్లాడేటప్పుడు చక్కగా ఎదురుగా నిలబడి, నవ్వుతూ, ఆ రోజు జరిగిన మంచివన్నీ చెప్పి వెళ్లిపోయేది. ఏం కావాలన్నా, ఎక్కడ నొప్పెట్టినా వాళ్ల నాన్న దగ్గరికే. నేను సరదాకి "ఏమే, నేను ఎవర్నే?" అంటే "అమ్మవి" అని టక్కున చెప్పేది, బళ్లో ఎవరో ప్రశ్న అడిగినట్టు.

ఒక శనివారం మధ్యాహ్నం నేను వంటగదిలో పప్పుకి తాలింపు పెడుతున్నాను. తండ్రీ కూతుళ్లు కింద పార్కు నుంచి వచ్చారు. వచ్చిన వాళ్లు నా దగ్గరికి రాకుండా నేరుగా స్నానాల గదిలోకి వెళ్లారు. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. దాని మధ్యలో పిల్ల గుసగుస.

"నాన్నా, అమ్మకి చెప్పొద్దు. పాపం, అమ్మ అక్కడ కంగారు పడుద్ది."

పొయ్యి కట్టేశాను. మేమిద్దరం ఉన్నది ఆరడుగుల దూరంలో. దానికి నేను ఇంకా "అక్కడే" ఉన్నాను.

తలుపు తోశాను. పిల్ల స్టూలు మీద నిలబడి ఉంది. ఉయ్యాల ఇనుము కొట్టుకుని నుదురు చిట్లింది, రక్తం కనుబొమ మీదికి కారుతోంది. వాళ్ల నాన్న తడిగుడ్డతో అదుముతున్నాడు. నన్ను చూడగానే పిల్ల జుట్టు నుదుటి మీదికి లాక్కుంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకునే నవ్వింది.

"ఏం కాలేదమ్మా. బాగున్నా. ఆడుకున్నా."

గాయం పెద్దది కాదు. కుట్లు కూడా అక్కర్లేదని చూడగానే తెలిసింది. కానీ ఆ నవ్వు! దానికి మేం నేర్పిన విద్య అది. వాళ్లు నేర్పారు, నేను ఇటువైపునుంచి నవ్వి ఒప్పుకున్నాను. తడి నేల మీదే కూర్చుండిపోయి, దాని రెండు చేతులూ పట్టుకున్నాను.

"నేనిక్కడే ఉన్నాను కదే. చూడు, ముట్టుకో. నొప్పిగా ఉందా?"

తల అడ్డంగా ఊపింది. పెదవి వణుకుతోంది.

"నొప్పిగా ఉంటే ఏడవాలి. నా దగ్గరే ఏడవాలి. ఏడువు తల్లీ."

అది నా వైపు చూడలేదు. ఏడవొచ్చా అన్నట్టు వాళ్ల నాన్న మొహంలోకి చూసింది. ఆయన తల ఊపాడు.

అప్పుడు నా మెడ పట్టుకుని ఏడ్చింది. ముందు సన్నగా, తర్వాత గుక్కపట్టి, బిల్డింగంతా వినపడేటట్టు. పక్కింటామె వచ్చి తలుపు కొట్టింది. ఎవరమూ తీయలేదు. నా కూతురు అంత గట్టిగా ఏడవగలదని నాకు అప్పటిదాకా తెలియదు.